చిరుతల హనుమండ్లు కట్టిన ఇంగ్లీషాట

హనుమండ్లుకు ఇంగ్లీషు రాదు. ఉర్దూ కూడా నిజాం కాలంలో రెవెన్యూ గిర్దావరుకు సలాం కొట్టి తప్పించుకునే మేరకే వచ్చు. తెలుగు అక్షరాలైనా కూడబలుక్కుని చదవాల్సిందే. అటువంటి మనిషి శ్రీరాంపూర్ బడిలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పాడంటే కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఏడు ఆరో తరగతి చదివినవాళ్లను అడిగి చూడండి, ఇంగ్లీషు చెప్పింది పంతులమ్మే గాని నోళ్లు తెరిపించింది మాత్రం తాత అంటారు.

ఆయన అసలు పని చిరుతల రామాయణం నేర్పడం. ధర్మపురికి కాస్త ఎగువన, గోదావరి ఒడ్డు పల్లె ఆయనది. యాసంగి పంట ఇళ్లకు చేరిందంటే చాలు, ఏదో ఒక ఊరు ఆయన కోసం కచ్చురం బండి కట్టించి పంపేది. ఆ ఊళ్లోనే ఎండాకాలమంతా ఉండి, పూటకొక ఇంట్లో తిని, నాగలి తప్ప ఇంకోటి పట్టెరుగని పడుచువాళ్ల చేతుల్లో చిరుతలు పెట్టేవాడు. చిరుతలంటే జత కట్టెలు. అవి టకటకమని తాళం వేస్తుంటే గుండ్రంగా తిరుగుతూ రామాయణమంతా ఆడాలి. నిన్నటిదాకా ఎడ్లను అదిలించిన పాలేరు ఆయన చేతిలో పడితే లక్ష్మణుడైపోయేవాడు. ఊళ్లో అప్పులిచ్చే సేటు మీద పగతో ఎవరో ఒకరు రావణుడి వేషం ఆ సేటుకే కట్టమనేవారు, అది వేరే సంగతి.

హనుమండ్లు పద్ధతి హనుమండ్లుది. పాటతో మొదలుపెట్టేవాడు కాదు. ముందు ఒక్కొక్కడి ఎదుట నిలబడి, "నీ చేతిల ఏముండాలె?" అని అడిగేవాడు. విల్లు అంటే రాముడు, గద అంటే ఆంజనేయుడు. చేతిలో ఏముందో తెలియనివాడికి తానెవడో కూడా తెలియదని ఆయన నమ్మకం. ఆ తర్వాత ముగ్గుపిండితో నేల మీద పెద్ద గుండ్రటి గిరి గీసేవాడు. ఆ గిరిలో ఒకసారి చిరుతలు మోగాయంటే పట్టాభిషేకం అయ్యేదాకా ఎవరూ ఆపకూడదు, ఎవరూ బయటికి పోకూడదు. హుజూరాబాద్ దగ్గరి ఒక ఊళ్లో యుద్ధం నడుస్తుండగా వాన కుమ్మేసింది. చూడవచ్చినవాళ్లంతా ఇళ్లకు పరుగెత్తారు. గిరిలో వాళ్లు మాత్రం మోకాటి లోతు బురదలో యుద్ధం ముగించి రాముడికి పట్టం కట్టే కదిలారు. అప్పటికే చచ్చిన రావణుడు లేచి రాముడికి గొడుగు పట్టాడని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఆడవాళ్లు గిరిలోకి రాకూడదు. సీత వేషం కూడా మీసం గీయించుకున్న పడుచువాడిదే. ఇది హనుమండ్లు పెట్టింది కాదు, ఆయన గురువుకు ఆయన గురువు చెప్పినది. హనుమండ్లు ఒక్కగానొక్క కూతురు బాలలక్ష్మి చిన్నప్పుడు ఆ ముగ్గు గీతకు బొటనవేళ్లు ఆనించి నిలబడేది. ఆట మొత్తం ఆమెకు నోటికి వచ్చు. రాముడు పాట మరిచిపోతే బయటినుంచి అందించేది ఆమే.

"నన్ను లోపల్కి రానియ్యి బాపూ" అనేది.

"ఆడిపిల్లలు గిరిలకు రావద్దు బిడ్డా" అనేవాడు హనుమండ్లు. అనేసి తన పని తాను చూసుకునేవాడు. కొన్నాళ్లకు ఆ పిల్ల అడగడం మానేసింది. ఆ మొండితనమంతా తీసుకుపోయి చదువు మీద పెట్టింది. తల్లి దేవవ్వ పోయినా, కరీంనగర్ హాస్టల్లో చారు మెతుకులు తిని మెట్రిక్ పాసైంది, ట్రైనింగు చేసింది. పంతొమ్మిది వందల అరవై నాలుగులో శ్రీరాంపూర్ దిక్కు కొత్త బొగ్గుబాయిలు తవ్వుతున్నప్పుడు, అక్కడి రేకుల బడిలో ఇంగ్లీషు పంతులమ్మగా చేరింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక గది క్వార్టరు మాత్రం ఇచ్చారు. ఊళ్లో ఒక్కడూ ఏం చేస్తాడని తండ్రిని తెచ్చుకుంది.

అప్పటికి హనుమండ్లును పిలిచే ఊళ్లు తగ్గిపోయాయి. టూరింగ్ టాకీసు డేరా వచ్చాక, చెమటోడ్చి తానే రాముడయ్యేకంటే తీరుబడిగా కూర్చుని ఇంకొకడిని చూడటమే హాయిగా ఉందని జనానికి తెలిసిపోయింది. ఆయన చిరుతలు క్వార్టరులో కొయ్యకు వేలాడుతున్నాయి. చేతులు మాత్రం ఊరుకోవు. కంచం మీద, చెంబు మీద, తలుపు రెక్క మీద తాళం వేస్తూనే ఉండేవాడు. పక్క క్వార్టరు సమ్మవ్వ గోడ అవతలినుంచి, "హనుమండ్లన్నా, నీ తాళంకు నా బియ్యం గూడ ఎగుర్తున్నయి, చెరుగుడు తప్పింది" అని ఎకసెక్కాలాడేది.

బాలలక్ష్మి మాత్రం పరేషానులో ఉంది. ఆమె తరగతి పిల్లల తండ్రులు తలో దిక్కు నుంచి బాయి పనికి వచ్చినవాళ్లు. ఇంట్లో ఒకరిది మరాఠీ, ఒకరిది గోండి, ఒకరిది హిందీ. ఇంగ్లీషు మాత్రం ఎవరిదీ కాదు. పాఠం గడగడా అప్పజెబుతారు, అర్థం అడిగితే నేల చూస్తారు. సంక్రాంతి లోపల ఇన్‌స్పెక్టరు వస్తాడని హెడ్మాస్టరు రాజం సారు చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "అమ్మా, పిల్లలు నోరిప్పకపోతే నీ నౌకరి ఉంచుమని నేను అడుగలేను" అన్నాడు. నౌకరి పోతే క్వార్టరు పోతుంది. తండ్రిని పట్టుకుని ఎక్కడికి పోవాలో ఆమెకు తోచలేదు.

ఒక సాయంత్రం ఆమె మరునాటి పాఠం పైకి చదువుకుంటోంది. "ది ఓల్డ్ ఉమన్ చేజ్డ్ ది కాఫ్ విత్ ది బెల్."

"ఏందది?" అన్నాడు హనుమండ్లు.

"ముసలమ్మ దూడను ఉరికిచ్చింది బాపూ. గంట గూడ ఉన్నది."

"గంట ఎవలి దగ్గరున్నది?"

బాలలక్ష్మి పుస్తకం మళ్లీ చూసింది. దూడ మెడలో గంట ఉండొచ్చు. ముసలమ్మే చేతిలో గంట పట్టుకుని వాయిస్తూ దూడను తరిమి ఉండొచ్చు. ఆ మాటలకు రెండు అర్థాలూ వస్తాయి. "ఎట్లనైనా అనుకోవచ్చు బాపూ. ఇంగ్లీషుల అట్లనే ఉంటది."

హనుమండ్లుకు ఇది మింగుడు పడలేదు. "ఎవలి చేతిల ఏమున్నదో తెల్వకుంట ఆట ఎట్ల కడుతరే? గా రాసినాయన గురువు ఎవడో గని, సక్కగ నేర్పలే" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. రెండూ అయితయంటివి గద. అయితే రెండాటలు."

లేచి ధోవతి ఎగ్గట్టాడు. చెంబులో గరిటె పెట్టుకుని గంటలా వాయిస్తూ ముసలమ్మయ్యాడు, కూతుర్ని దూడ చేసి గదంతా తరిమాడు. తర్వాత ఆమె చీర కొంగుకు చెంబు కట్టి, తాను ఉత్త చేతులతో వెంటపడ్డాడు. చప్పుడుకు సమ్మవ్వ తలుపులో నిలబడి, దూడ అసలు అట్లా పరుగెత్తదని చెప్పి తాను దూడైంది. బాలలక్ష్మి నేల మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. శ్రీరాంపూర్ వచ్చాక ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, "రేపు బడికి వస్తవా బాపూ" అని అడిగింది. ఆయన అప్పటికే కొయ్య మీది చిరుతలు తీసి పై కండువాతో తుడుస్తున్నాడు.

బడి ముందర మట్టి ఆవరణలో గిరి గీశాడు. పిల్లలు చుట్టూ చేరారు. ఆడపిల్లలు గీత దగ్గర ఆగిపోయారు. బొగ్గు కొట్టే రాయమల్లు బిడ్డ పోశవ్వ అందరికంటే ముందర నిలబడి, రావాలా వద్దా అన్నట్టు చూసింది. బాలలక్ష్మి, తండ్రి మొహం చూసింది.

హనుమండ్లు చిరుతలు అటూ ఇటూ తిప్పాడు. "గది రామాయణం" అన్నాడు చివరికి. "ఇది ఇంగ్లీషు. ఇంగ్లీషుకు మా గురువు ఏం రూలు పెట్టిండో నాకు తెల్వది. రాండ్రి."

ఇక చూడాలి. ఒక జట్టు గంట దూడ జట్టు, ఒక జట్టు గంట ముసలమ్మ జట్టు. చిరుతల తాళానికి ఇంగ్లీషు మాటలు ఎట్లా అతికాయో ఆ దేవుడికే తెలియాలి గాని, మూడో రోజుకల్లా నేల చూసే పిల్లలు గొంతెత్తి పాడుతున్నారు. ముసలమ్మ వేషంలో పోశవ్వను కొట్టేవాళ్లు లేరు. "పోశం తన తమ్మునితో పందెం 'హి' గెలిచిండని చెప్పిండు" అనే ఇంగ్లీషు వాక్యం వచ్చినప్పుడు, గెలిచింది పోశమా తమ్ముడా అని ఆవరణ రెండుగా చీలింది. ఇంగ్లీషు 'హి'కి అన్నైనా ఒకటే, తమ్ముడైనా ఒకటే. ఆ పూట ఇద్దరికీ పట్టం కట్టాల్సి వచ్చింది. పిల్లలకు ఇదొక పిచ్చి పట్టుకుంది. కనబడ్డ ఇంగ్లీషునల్లా పట్టుకుని చేతిలో ఏముందో వెతకడం మొదలుపెట్టారు. పాత మంచాలు, బల్లలు అమ్మబడునని ఇంగ్లీషులో బోర్డు పెట్టిన దుకాణదారు దగ్గరికి గుంపుగా పోయి, మంచాలొక్కటే పాతవా, బల్లలు కూడా పాతవేనా అని అడిగి తిట్లు తిని వచ్చారు.

ఎంత చేసినా హనుమండ్లు తన కట్టుబాటు వదల్లేదు. ఆట మొదలైతే పట్టాభిషేకంతోనే ముగియాలి. పిల్లలు తంగేడు పూలు గుచ్చి తెచ్చేవారు. ఒకరోజు ముసలమ్మకు, ఒకరోజు దూడకు, ఒకరోజు ఊరికే అడ్డం వచ్చిన రాజం సారు కుక్కకు కూడా పట్టం కట్టారు. మంగళం పాడేదాకా బడి గంట కొట్టినా ఎవరూ కదిలేవారు కాదు. బాలలక్ష్మి మాత్రం పుస్తకం పట్టుకుని గీత అవతలే నిలబడి మాటలు అందించేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగనూ లేదు.

రాజం సారుకు ఇదంతా గుండె దడ. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందునాడు క్వార్టరుకే వచ్చాడు. "పెద్దమనిషీ, నీ ఆట మంచిగనే ఉన్నది. రేపొక్కనాడు కట్టెలు వద్దు. పిల్లలను బుద్ధిగ కూసోపెట్టి పాఠం చదివిపిద్దాం" అన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ. నేను గడప దాట" అన్నాడు హనుమండ్లు. కూతురి నౌకరి కంటే తన ఆట ఎక్కువేం కాదు.

మరునాడు ఇన్‌స్పెక్టరు గొడుగు పట్టుకుని జీపు దిగాడు. గోదావరి జిల్లాల మనిషి, మెత్తని మాట, పట్టుదల మొహం. రేకుల కింద వెలుతురు చాలదని ఆవరణలోనే తరగతి పెట్టారు. పిల్లలకు గుండ్రంగా కూర్చోవడమే అలవాటైంది గనక, ఆయన కుర్చీ నడుమ పడింది. పక్కన రాజం సారు పళ్లెంలో బంతిపూల దండ పెట్టుకుని నిలబడ్డాడు, సాగనంపేటప్పుడు వేద్దామని.

పోశవ్వ లేచి పాఠం చదివింది. అదే దూడ పాఠం. ఇన్‌స్పెక్టరు తలూపి, గంట ఎవరి దగ్గర ఉందని ఇంగ్లీషులో అడిగాడు.

సగం మంది దూడ అన్నారు, సగం మంది ముసలమ్మ అన్నారు. ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. గంట దూడ మెడలో ఉందని, ఇంకో మాట లేదని, అందరూ కూర్చోవచ్చని చెప్పాడు.

పోశవ్వ కూర్చోలేదు. "అట్ల గూడ అయితది, ఇట్ల గూడ అయితది సార్. ఒక్కసారి ఆడి చూపిస్తం" అంది. బాలలక్ష్మి వద్దని చెయ్యెత్తేలోపల ఆ పిల్ల రెండు కట్టె స్కేళ్లు తీసి టకామని కొట్టింది. అంతే, పిల్లలంతా స్కేళ్లతో లేచారు.

రాజం సారు ఆపమని అరిచాడు. "పట్టాభిషేకం కాకుంట ఆగొద్దు సార్" అన్నారు పిల్లలు తిరుగుతూనే. నడుమ కుర్చీలో ఇన్‌స్పెక్టరు, ఆయన చుట్టూ దూడ, దూడ వెనుక ముసలమ్మ. నౌకరి పోయిందనే అనుకుంది బాలలక్ష్మి.

హనుమండ్లు ఇచ్చిన మాట మీదే ఉన్నాడు. క్వార్టరు గడప మీదే కూర్చున్నాడు. కాని స్కేళ్ల చప్పుడు చెవిలో పడింది. కొత్త చేతులు, కొత్త కట్టెలు, తాళం ఒక్కొక్క దెబ్బ ఎగిరిపోతోంది. కాసేపు పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. "తాళం చెడుతున్నదే సమ్మవ్వా" అని గొణిగాడు. అంతకంటే ఆయన వల్ల కాలేదు. చిరుతలు తీసుకుని మోకాళ్ల నొప్పి మరిచి పరుగెత్తాడు.

ఆయన గిరిలో అడుగుపెట్టి తాళం అందుకునేసరికి ఆట కుదురుకుంది. ముందు గంట దూడ ఆట, తర్వాత గంట ముసలమ్మ ఆట. దూడ వేషం వేసిన పిల్ల తప్పించుకోబోయి కుర్చీ కింద దూరింది. ఇన్‌స్పెక్టరు గొడుగుతో సహా లేచి పక్కకు జరిగాడు. ఆయన మొహం చూస్తే కోపమో నవ్వో ఎవరికీ అంతుబట్టలేదు.

"దీన్ని ఆపడం ఎట్లాగమ్మా?" అని బాలలక్ష్మిని అడిగాడు.

"పట్టం కట్టాలె సార్" అంది ఆమె. "అప్పటిదాక ఆగది."

పట్టానికి పూలు లేవు. ఆ పూట ఎవరూ తంగేడు గుచ్చలేదు. హనుమండ్లు రాజం సారు ముందుకు పోయి చెయ్యి చాచాడు. రాజం సారుకు ప్రాణం లేచి వచ్చింది. ముసలోడికి ఇప్పటికైనా తెలివొచ్చింది, ఇన్‌స్పెక్టరుకే వేస్తాడు అనుకుని బంతిపూల దండ చేతిలో పెట్టాడు. "సారుకు, సారుకు" అని చెవిలో కూడా ఊదాడు.

హనుమండ్లు కూడా అదే అనుకుని దండ అందుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వైపే తిరిగాడు. అప్పుడు ఆయన కంటికి కూతురి కాళ్లు కనబడ్డాయి. నిన్నటి ముగ్గు గీత ఇంకా కొంత మిగిలే ఉంది. ఆ గీతకు బొటనవేళ్లు ఆనించి, పుస్తకం రొమ్ముకు అదుముకుని నిలబడింది బాలలక్ష్మి. చిన్నప్పుడు ఊరూరా ఎట్లా నిలబడేదో అట్లాగే. ఇంతమంది పిల్లలను రమ్మన్నాడు, కుక్కకు కూడా పట్టం కట్టాడు, తన బిడ్డను మాత్రం ఒక్క అడుగు లోపలికి రమ్మనలేదు. దండ ఇన్‌స్పెక్టరుకు వెయ్యకపోతే ఏమవుతుందో హనుమండ్లుకు తెలియక కాదు. అయినా ఆ కాళ్లను చూసినాక ఇంకో వైపు నడవలేకపోయాడు.

గీత దగ్గరికి పోయి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "రా బిడ్డా" అన్నాడు.

"బాపూ, వద్దు. సారు ఉన్నడు" అంది ఆమె మెల్లగా.

"ఉండనియ్యి."

గీత దాటించి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టి, దండ మెడలో వేశాడు. మంగళం ఎత్తుకున్నాడు. పిల్లలు స్కేళ్లు మోగిస్తూ అందుకున్నారు. రాజం సారు ఖాళీ పళ్లెం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. బాలలక్ష్మి ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ఎందుకో ఆమెకే తెలియదు.

మంగళం ముగిసింది. ఇన్‌స్పెక్టరు గొడుగు చంకలో పెట్టుకుని, కుర్చీ పక్కన ఇంకా నాలుగు కాళ్ల మీదే ఉన్న దూడ పిల్ల దగ్గరికి వంగాడు. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న వేశాడు, నువ్వు ఎక్కడికి పరుగెత్తుతున్నావు అని, ఇంగ్లీషులోనే.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "టు మై మదర్, సార్" అంది.

అప్పుడు నవ్వాడు ఇన్‌స్పెక్టరు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు. పిల్లలను ఇంకా అడిగాడు. ముసలమ్మ ఇల్లెక్కడ, గంట ఎంతకు కొన్నది, దూడ పాలు తాగిందా లేదా. తప్పో ఒప్పో, ఒక్కరూ నేల చూడలేదు. జీపు ఎక్కేముందు బాలలక్ష్మితో, "గంట దూడ మెడలోనే ఉందని ఇన్నేళ్లుగా చెబుతున్నానమ్మా. ఈ పోశవ్వను చూశాక ఇక చెప్పలేను" అన్నాడు. తర్వాత రాజం సారు వైపు తిరిగి, "దండ వెయ్యాల్సిన వాళ్లకే వేశారు లెండి, కంగారు పడకండి" అన్నాడు. రాజం సారు ఆ పూటంతా మంచినీళ్లు తాగుతూనే ఉన్నాడు.

బాలలక్ష్మికి పర్మనెంటు అయిందని ఉగాది ముందర కబురు వచ్చింది. సమ్మవ్వ క్వార్టర్లన్నిటికీ బెల్లం పంచింది. ఆ ఎండాకాలం బాయి పనివాళ్లంతా కూడి, మా కాడ గూడ చిరుతల రామాయణం కట్టు అని హనుమండ్లును అడిగారు. ఇన్నేళ్ల తర్వాత పిలుపు రావడం, అదీ బండి ఎక్కకుండా ఇంటి ముందరికే రావడం ఆయనకు పట్టరాని సంతోషమైంది. పోశవ్వను సీత కట్టమన్నాడు. ఆ పిల్ల రావణుడే కడతానంది, సరే అన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గుపిండి డబ్బా పట్టుకుని, వరుసగా నిలబడ్డవాళ్ల ఎదుట ఆగుతూ ఎవరి చేతిలో ఏముండాలో అడుగుతూ పోయాడు. వరుస చివర బాలలక్ష్మి ఉంది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్దపొడి అంటుకునే ఉంది. హనుమండ్లు ఆమె ముందు కూడా ఆగాడు. ఆ మాట ఆమెను అడగడం అదే మొదటిసారి.

"నీ చేతిల ఏముండాలె బిడ్డా?"

"విల్లు బాపూ" అంది బాలలక్ష్మి.

హనుమండ్లు డబ్బా ఆమె చేతికిచ్చి గిరి గీయమన్నాడు. తాను ఇంట్లోకి పోయి విల్లు తెచ్చాడు.